తెల్లారాకే చెప్పాల్సిన కబురు

హాలిఫాక్స్

అనంతపురం మనిషికి చేపలు పట్టే పిచ్చేమిటని మా ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. నీళ్ళు కనపడని ఊళ్ళో పుట్టి, ముప్పయ్యేళ్ళు హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసి, రిటైరయ్యాక రబ్బరు బూట్లేసుకుని ఏటి మధ్యలో నిలబడ్డం ఏం సరదా అని ఆయన బాధ. పైగా మేం పట్టిన ట్రౌట్ చేపల్ని ఇంటికి తేము. కొక్కెం తీసి మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాం. "వదిలేసేదానికి పట్టడమెందుకు?" అంటాడు.

ఈ పిచ్చి నాకు అంటించినవాడు గిర్మా. ఇథియోపియావాడు. ఇక్కడ కెనడాలో, హాలిఫాక్స్‌లోనే సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. నేను డ్యూటీకి పోయే బస్సు అతనిదే కాబట్టి స్నేహం అక్కడ మొదలైంది. బాలె కొండల్లో డిన్షో అనే ఊరి దగ్గర పుట్టాడు. ఎప్పుడో ఎవరో కెన్యా నుంచి తెచ్చి అక్కడి ఏళ్ళలో వదిలిన ట్రౌట్ బాగా పెరిగిందట. చిన్నప్పుడు అన్న తెస్ఫాయె, తనూ కలిసి గాలం వేసేవాళ్ళట. మా నోవా స్కోషియా రాష్ట్రంలో ఏ ఏటికి పోయినా "మా వేబ్ నది చూడాలి నువ్వు" అనకుండా ఉండడు.

తెస్ఫాయె కూతురు సారా కూడా హాలిఫాక్స్‌లోనే ఉంటుంది. చదువుకోడానికి వచ్చింది, చదువైపోయింది, ఇప్పుడు ముసలివాళ్ళ కేర్ హోంలో పని చేస్తోంది. స్టడీ పర్మిట్ అయిపోయింది, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి ఎదురుచూస్తోంది. ఆ కాగితం చేతికి రాకుండా దేశం దాటితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. అక్కడ వానాకాలం మొదలైన దగ్గర్నుంచి వాళ్ళ నాన్న ఫోన్ మోగడం లేదు, వాళ్ళమ్మకి వేరే ఫోన్ లేదు. ఆ వైపు సైన్యానికీ అడవుల్లో ఉన్నవాళ్ళకీ కాల్పులు, నెట్‌వర్క్ లేదు. అడ్డిస్ అబాబాలో ఉన్న చుట్టాలు "బాగానే ఉండుంటాడు" అంటారు తప్ప ఇంకో మాట చెప్పరు. ఆ పిల్ల తిండి మానేసి సగమైంది.

"నేను పోయి చూసొస్తా" అన్నాడు గిర్మా. అతని గుండెలో రెండు స్టెంట్లున్నాయి, భార్య పోయింది, తోడెవరూ లేరు. నేనొస్తానన్నాను. మా ఆయన గవర్నమెంట్ వెబ్‌సైట్ తెరిచి, ఆ ప్రాంతానికి వెళ్ళొద్దని ఎర్రక్షరాలతో రాసింది గట్టిగా చదివి వినిపించాడు. నేను విననట్టు సూట్‌కేసు సర్దుకున్నాను. బయల్దేరే రోజు సారా వచ్చి వాళ్ళ నాన్నకి ఉన్ని సాక్సులు, కోటు ఇచ్చింది. "ఆంటీ, ఆయన్ని చూడగానే ఒక్క ఫొటో పెట్టండి చాలు" అంది.

అడ్డిస్ అబాబా

గిర్మా బాబాయి కొడుకింట్లో దిగాం. వాకిట్లోనే అందరూ గిర్మాని పట్టుకుని వదల్లేదు. మనం పెళ్ళిలో కౌగిలించుకున్నంత సేపు కాదు, ఇంకా చాలాసేపు. ఇన్నేళ్ళ తర్వాత వచ్చాడు కదా అనుకున్నా.

భోజనం ఒకే పెద్ద పళ్ళెంలో. ఇంజెరా అంటే పులిసిన పిండితో పోసిన పల్చటి అట్టు, మన దోసెకి దూరపు చుట్టం. దాని మీదే కూరలన్నీ వడ్డిస్తారు, దాన్నే తుంచి వాటితో తింటారు. ఎర్రకారం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, కెనడాలో ఇన్నేళ్ళుగా ఇంత కారం పెట్టినవాళ్ళు లేరు. ఉన్నట్టుండి ఆ ఇంటావిడ ముద్ద చుట్టి నా నోటికి అందించింది. గుర్షా అంటారట దాన్ని, ప్రేమ ఉన్నవాళ్ళకి చేత్తో తినిపించడం. ఒక్క ముద్దతో ఆపితే గొడవలొస్తాయట, రెండు తినాలి, మూడైతే ఇంకా మంచిది. మా పెద్దక్క గోరుముద్దలు పెట్టిన తర్వాత నాకు ఇంకొకరు తినిపించడం అదే.

గిర్మాకైతే పోటీలు పడి పెట్టారు. అతను నమలలేక నవ్వుతున్నాడు. "అన్న సంగతేంటి?" అని అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంకో ముద్ద పెట్టారు. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. కారం కూర రుచిలో పడిపోయాను.

డిన్షో దారి

కొండలెక్కే దారంతా బార్లీ పొలాలు, గుర్రాల మీద దుప్పట్లు కప్పుకున్న మనుషులు, గుడిసెల మీంచి పొగ. మధ్యమధ్యలో చెక్‌పోస్టులు. ఒకచోట తుపాకీ తగిలించుకున్న కుర్రసైనికుడు మా గాలం కర్రలున్న పొడుగాటి గొట్టం చూసి దూరంగా జరిగాడు. దించమన్నాడు, తెరవమన్నాడు. గిర్మా కర్ర ముక్కలు ఒకదాంట్లో ఒకటి బిగించి, దారం ఎక్కించి, నడిరోడ్డు మీద గాలిలోకి విసిరి చూపించాడు. సైనికుడు కాసేపు చూసి, నేనూ విసురుతానన్నాడు. విసిరాడు. దారం వెళ్ళి మా జీపు అద్దానికి చుట్టుకుంది. అందరూ నవ్వారు, అతను కూడా. అయితే తుపాకీ మాత్రం భుజం మీంచి దించలేదు.

పొద్దు వాలుతుండగా డిన్షో చేరాం. కెదిర్ అనే ఆయన ఎదురొచ్చాడు. యాభై దాటినవాడు, తెస్ఫాయెకి స్నేహితుడు, ఒకప్పుడు చేపల కోసం వచ్చే విదేశీయులకి గుర్రాలు అద్దెకిచ్చేవాడు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు, గుర్రాలు బార్లీ మోస్తున్నాయి. ఆయన గిర్మా చేతులు రెండూ పట్టుకుని, "తెస్ఫాయె ఇల్లు వంతెన అవతల. రేపు సాయంత్రం దాకా సైన్యం వంతెన దాటనివ్వదు. ఎల్లుండి తెల్లారాక వెళ్దాం. రేపు మాత్రం మనం చేపలు పడదాం" అన్నాడు.

గిర్మా మొహం వెలిగిపోయింది. "చేప పట్టి తీసుకెళ్తే అన్న కోప్పడడు, ఇన్నేళ్ళు రానందుకు" అన్నాడు.

ఆ రాత్రి బస చేసిన చోట పెట్టింది బార్లీ పిండితో వండిన ముద్ద. మధ్యలో గుంట చేసి వెన్న, కారం పోశారు. మా ఊరి రాగిసంగటే ఇది, రంగొకటే తేడా. నేను వేళ్ళతో తుంచి గుంటలో అద్ది మింగుతుంటే, వండినావిడ నవ్వి, ఇంతకుముందు వచ్చిన ఫరంజీలు స్పూన్లడిగేవాళ్ళంది. ఫరంజీ అంటే విదేశీయుడు. నన్ను ఆ లెక్కలోంచి తీసేసినందుకు మురిసిపోయాను.

వేబ్ నది

గుర్రాల మీద పోయాం. నేను గుర్రమెక్కడం అదే మొదలు. జీను మీద నిండుకుండలా కూర్చున్నానని గిర్మా వెక్కిరించాడు. పచ్చిక మీద పొగమంచు, దూరంగా మెలికల కొమ్ముల పెద్ద దుప్పులు మమ్మల్ని చూసి కూడా కదలకుండా నిలబడ్డాయి. వేటాడేవాళ్ళు కూడా రావడం లేదేమో.

నది వెడల్పు లేదు, కానీ నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాయి మీద నాచు కూడా కనపడుతుంది. పెట్టిన కాలు పెట్టినట్టే మొద్దుబారింది. ఈకలతో కట్టిన దొంగపురుగుని కొక్కేనికి తగిలించి, దాన్ని నీళ్ళ మీద నిజం పురుగులా వాల్చాలి. బరువుగా పడితే చేప పారిపోతుంది. గిర్మా చెయ్యి తిప్పితే దారం నీళ్ళని తాకిందో లేదో తెలియదు. ఎదురు ఒడ్డున పశువులు కాసేవాళ్ళు చేరి చూస్తూ కూర్చున్నారు.

మొదటి చేప నాకే పడింది. పక్కల మీద గులాబీ గీత, మీద నల్లటి చుక్కలు, జానెడు పొడుగు. అలవాటు కొద్దీ చెయ్యి తడిపి, కొక్కెం తీసి, నీళ్ళలో వదిలేశాను. ఒడ్డు మీద హాహాకారాలు! ఒక ముసలాయన లేచి నిలబడి నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. "తినడానికి వద్దనుకున్నప్పుడు దాని నోరెందుకు చీల్చావు అంటున్నాడు" అని కెదిర్ తర్జుమా చేశాడు. మా ఆయన ఇంతదూరం కూడా వచ్చాడేంట్రా అనుకున్నా. సిగ్గేసి మళ్ళీ వదల్లేదు.

గిర్మాకి పడింది మాత్రం చేప కాదు, చేపల తాత. మోచెయ్యంత ఉంది. దాన్ని ఒడ్డుకి లాగేసరికి అతని కళ్ళల్లో నీళ్ళు. పదేళ్ళలో అతను ఒక్క చేపనీ చంపగా నేను చూడలేదు. ఇప్పుడు రాయి తీసుకుని తల మీద ఒక్క దెబ్బ వేశాడు. "ఇది అన్నకి. తల భాగం ఆయనకే ఇష్టం" అంటూ నీళ్ళలో కడిగి గడ్డిలో చుట్టాడు.

కడుపులోంచి నవ్వొచ్చి, నేను కెదిర్ వైపు తిరిగాను. ఆయన నవ్వడం లేదు. గుర్రానికి నీళ్ళు పెడదామన్నట్టు నన్ను వంపు దాటించి తీసుకెళ్ళాడు.

"మీరు అతని డాక్టరు కదా?" అన్నాడు. కాదు, ల్యాబ్‌లో పనిచేశాను, మందులు మాత్రం నా దగ్గరే ఉన్నాయన్నాను. "అతని గుండె తట్టుకుంటుందా?"

"దేన్ని?"

"తెస్ఫాయె లేడు" అన్నాడు. "వానల మొదట్లో. రోడ్డు మీద బండి ఆపారు. ఎవరు ఆపారో నన్నడగకండి, ఇక్కడ ఎవరూ చెప్పరు. కాల్పుల్లో పడిపోయాడు. మేమే పూడ్చాం."

వంపు అవతల గిర్మా ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

అప్పుడు కెదిర్ చెప్పాడు మెర్దో సంగతి. చావుకబురుకి వాళ్ళు పెట్టుకున్న పేరది. దాన్ని ఫోన్‌లో చెప్పకూడదు, దారిలో చెప్పకూడదు, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పకూడదు. పెద్దలు, పూజారి, అయినవాళ్ళు అంతా కలిసి, తెల్లారుతుండగా మనిషి ఉన్న చోటికి వచ్చి చెప్పాలి. పట్టుకునే చేతులు చుట్టూ ఉన్నప్పుడే చెప్పాలి. అడ్డిస్‌లో వాళ్ళకి అంతా తెలుసు, గుండె జబ్బు మనిషికి మేం చెప్పలేమని ఇటు పంపించారు. గోబా పట్నం నుంచి పూజారి, తెస్ఫాయె భార్య రేపు తెల్లారేసరికి వస్తారు. వంతెన మూసింది సైన్యం కాదు, కెదిరే. "ఈ ఒక్క రోజు అతన్ని నది దగ్గర ఉంచమన్నారు. మీరు కూడా ఉంచండి" అన్నాడు.

ఉంచాను. ఆ పూటంతా గిర్మా పక్కనే నిలబడి గాలం విసిరాను. నా దారం తుప్పల్లో చిక్కుకుంటే అతను పగలబడి నవ్వాడు. వేయించిన బార్లీ గింజలు దోసిలి నిండా ఇచ్చాడు, నములుతూ నిలబడ్డాను. అన్నకి కెనడా రమ్మని ఎలా నచ్చజెప్పాలో నన్ను సలహా అడిగాడు. నేను సలహా ఇచ్చాను! విజిటర్ వీసాకి అప్లై చేయమన్నాను. ఏ నోటితో అన్నానో నాకే తెలియదు.

డిన్షో, తెల్లారి

వాళ్ళొచ్చిన చప్పుడు లేదు. నేను ముందే లేచి మందులు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. గిర్మా మొహం కడుక్కుందామని తలుపు తీశాడు. వాకిట్లో తెల్లటి శాలువాలు కప్పుకుని పాతిక మంది దాకా నిలబడి ఉన్నారు. మధ్యలో పూజారి. పక్కన గిర్మా వదిన, నెత్తిన జుట్టు కత్తిరించుకుని.

ఎవరూ నోరు విప్పక్కర్లేకపోయింది. గిర్మా చేతిలోని తువ్వాలు కింద పడింది. అన్న పేరు ఒక్కసారి గట్టిగా అరిచి ముందుకి తూలాడు. నలుగురు పట్టుకున్నారు. ఎద బాదుకుంటుంటే చేతులు పట్టుకున్నారు, వదిలారు, మళ్ళీ పట్టుకున్నారు. అప్పుడు ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు, తెస్ఫాయె ఎలాంటివాడో, ఎలా నడిచేవాడో వరసపెట్టి చెప్తూ. మా వైపు శవం దగ్గర ఆడవాళ్ళు కలబోసుకుని ఏడ్చేది ఇట్లనే. భాష తెలియకపోయినా నేనూ ఏడ్చాను.

అందరం వంతెన దాటి తెస్ఫాయె ఇంటికి చేరాం. చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు గోధుమలు, బఠానీలు ఉడికించి గంపలతో తెచ్చారు. అచ్చం గుగ్గిళ్ళు. మనకి పండక్కి పెట్టేది వీళ్ళకి చావుకి. గడ్డిలో చుట్టిన చేపని కెదిర్ వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. సారా ఇచ్చిన కోటు నేను వదిన చేతిలో పెట్టాను, ఆవిడ అప్పటికప్పుడే తొడుక్కుంది.

సాయంత్రం గిర్మా నన్ను పిలిచి, "నీకు నిన్ననే తెలుసు" అన్నాడు. తెలుసన్నాను. "మంచి రోజు నిన్న" అన్నాడు.

రోబె

నాలుగు రోజులయ్యాక దగ్గరి పట్టణం రోబె వచ్చాం. అక్కడ ఫోన్‌కి ప్రాణం వచ్చింది. వచ్చీ రాగానే సారా. గిర్మా ఫోన్ ఎత్తలేదు. మాట్లాడితే గొంతు పట్టిస్తుంది. నాకు చేసింది. నేను ఎత్తాను, అదే నేను చేసిన తెలివితక్కువ పని.

"ఆంటీ, నాన్నని చూశారా? ఫొటో ఏది?"

నిజం చెప్పకూడదు. బాగున్నాడని చెప్పడానికి నోరు రాలేదు. మన తెలుగువాళ్ళకి ఇలాంటి సమయానికి ఒక మాట ఉంది కదా, అది నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది. "మీ నాన్నకి కొంచెం సీరియస్‌గా ఉందమ్మా" అన్నాను.

దేశం దాటి బతికే ఏ తెలుగువాడినైనా అడగండి ఆ మాటకి అర్థమేంటో. మా పెద్దక్క సంగతి నాకు అలాగే చెప్పారు. "అక్కకి సీరియస్, బయల్దేరు" అన్నారు, నేను ఫోన్ పెట్టేసి అక్కడే కూలబడ్డాను. ఏ హాస్పిటల్, ఏ డాక్టరు అని ఎవరం అడగం. అక్కడివాళ్ళకి చెప్పే ధైర్యం లేదు, ఇక్కడివాళ్ళకి వినే ధైర్యం లేదు, మధ్యలో ఆ ఒక్క మాట పెట్టుకుని విమానమెక్కుతాం. విమానం దిగేసరికి గుండె సిద్ధపడిపోయి ఉంటుంది.

సారా ఏడుపులో నవ్వు కలిసిన గొంతుతో, "అయితే బతికే ఉన్నారు! థాంక్ గాడ్! థాంక్యూ ఆంటీ!" అని పెట్టేసింది.

గిర్మా అడిగాడు ఏం చెప్పావని. చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. "సీరియస్సా? లలితా, మా దగ్గర చెప్తే మొత్తం చెప్తాం, లేదంటే ఏమీ చెప్పం. సీరియస్ అంటే ఆ పిల్లకి హాస్పిటల్, బెడ్డు, సెలైన్! కేర్ హోంలో పనిచేసే పిల్ల అది!"

గంట తిరక్కుండా మెసేజ్. టికెట్ కొనేసింది. ఆదివారం బయల్దేరుతుంది. పర్మిట్ పోతే పోయింది, మళ్ళీ రాకపోయినా ఫర్వాలేదు, నాన్న బతికుండగా చూడాలి అని రాసింది. నేను నిజం చెప్పేస్తానన్నాను. గిర్మా ఒప్పుకోలేదు. గదిలో ఒక్కతే ఉంటుంది, ఫోన్‌లో వింటే పట్టుకునేదెవరు అన్నాడు. "రావొద్దు, మేమే వస్తున్నాం" అని మెసేజ్ పెడితే, "మీరు ఆయన్ని వదిలి ఎలా వస్తారు?" అని తిరిగి నన్నే నిలదీసింది. టికెట్లు మార్చుకుని పరిగెత్తాం. దారిలో ఏం తిన్నామో, ఏ ఊర్లో ఆగామో నాకు గుర్తు లేదు. విమానంలో ఒకటే భయం, ఆ పిల్ల మాకంటే ముందే ఎక్కేస్తుందేమోనని.

మళ్ళీ హాలిఫాక్స్

శనివారం రాత్రి దిగాం. ఆదివారం ఇంకా వెలుతురు రాకముందే సారా ఉండే అపార్ట్‌మెంట్ కింద కార్లు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. వాళ్ళ చర్చి పూజారి, పెద్దలు, ఆడవాళ్ళు పదిమంది. చలికోట్ల మీద తెల్లటి శాలువాలు కప్పుకున్నారు. సముద్రం మీంచి గాలి కోసేస్తోంది. ఇంట్లోనే ఉంటానన్నాను గిర్మాతో. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? "నువ్వు రావాల్సిందే. ఆ పిల్ల ఇంకా నీ మాట పట్టుకునే ఉంది" అన్నాడు. వెళ్ళాను, అందరికంటే వెనక.

పూజారి తలుపు తట్టాడు. సారా తీసింది. అప్పటికే జీన్స్, షూస్ వేసుకుని తయారుగా ఉంది. చేతిలో ఏవో మందుల పొట్లాలున్నాయి, హాస్పిటల్లో దొరకవేమోనని కొన్నట్టుంది. ముందు బాబాయి గిర్మాని చూసింది. తర్వాత శాలువాలు చూసింది. ఒక్కొక్కళ్ళ మొహమూ చూసుకుంటూ వచ్చింది. ఆ పిల్ల వాళ్ళలోనే పుట్టి పెరిగింది, తెల్లవారుజామున అంతమంది ఎందుకొస్తారో తెలియక కాదు.

పూజారి నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "లేదు. లేదు. మీకు తెలియదు" అంటూ వాళ్ళని తోసుకుని నా దగ్గరికి వచ్చి నా కోటు పట్టుకుంది. "ఆంటీ, సీరియస్ అన్నారు కదా? వీళ్ళకి తెలియదు. చెప్పండి వీళ్ళకి."

అందరూ దారి ఇచ్చి నా వైపు తిరిగారు. నాకు తెలుగులో ఎన్ని మాటలు గుర్తొచ్చాయో! పోయారు, కాలం చేశారు, దాటిపోయారు, ఇక లేరు. అరవై మూడేళ్ళ వయసులో ఎవరి గురించీ నేను చచ్చిపోయారు అనే మాట అయినవాళ్ళ మొహం మీద అనలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడిగా, ఇంకో అర్థం రాకుండా అన్నాను.

"మీ నాన్న చచ్చిపోయారు సారా. నేను బయల్దేరక ముందే చచ్చిపోయారు. నేను ఆయన్ని చూడనే లేదు."

నా కోటు వదల్లేదు. పట్టుకునే ఉండి, మెల్లగా కిందికి జారింది, నేనూ ఆ పిల్లతోపాటే కారిడార్‌లో నేల మీద కూలబడ్డాను. అప్పుడు వెనక ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు.